తాడుకు ఆ కొస అన్న, ఈ కొస చెల్లి

సంక్రాంతి సెలవులకు ఇంటికి చేరిన అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు కొందరు ఇప్పుడు సినిమా హాలు వదిలి బండ ఎక్కేందుకు భువనగిరి దారి పడుతున్నారు. మంచిదే. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల దూరంలో, ఊళ్లోనే ఆకాశంలోకి లేచిన ఏకశిల అది. దాని నెత్తిన చాళుక్యుల నాటి కోట, పాదాల దగ్గర రాక్ క్లైంబింగ్ స్కూలు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ బండ మీద కాలు పెట్టడం నేర్చుకున్నది ఇక్కడే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ సంగతి విన్న పిల్లలు ఇంట్లో ఊరికే కూర్చుంటారా!

కాలం కూడా కలిసొస్తుంది. మే నెలలో చెయ్యి ఆనించలేని గ్రానైట్ డిసెంబరు, జనవరి నెలల్లో చల్లగా, పొడిగా ఉంటుంది. అరచేతులు చెమర్చవు, బూటు అడుగు జారదు. భయపెట్టాల్సింది బండ కాదు, తోబుట్టువుల మధ్య ఉండే చనువు. కొత్తవాళ్లతో ఎక్కేటప్పుడు ముడి సరిగ్గా పడిందో లేదో ఒకటికి రెండుసార్లు చూస్తాం. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ‘వాడు కట్టుకునే ఉంటాడులే’ అనిపిస్తుంది. కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఆ ‘లే’ గురించే.

బయల్దేరే ముందు

శిక్షకుడు లేకుండా వెళ్లకండి. ‘అన్నయ్య కాలేజీలో ఒక క్యాంపు చేశాడు కదా’ అనేది అర్హత కాదు. ఒకరోజు క్యాంపులో ఎక్కడం నేర్పుతారు. తాడును బండకు బిగించే యాంకర్ కట్టడం వేరే విద్య, దానికి ఏళ్ల అనుభవం కావాలి. వీడియోలు చూసి ముడులు వేయడం ఇంట్లో మంచం కోడుకు ప్రాక్టీసు చేసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే.

తాడు మీరు కొనకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు ఎంత లావుగా ఉన్నా మనిషి పడినప్పుడు ఆ ఊపును మింగుకోలేదు. క్లైంబింగ్‌కు వాడే డైనమిక్ తాడు బరువు పడగానే కొంత సాగి, నడుముకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది. ఉన్న తాడునైనా కారు డిక్కీలో బ్యాటరీ పక్కన పడేయకండి. యాసిడ్ ఆవిరి సోకితే పైకి ఏమీ కనబడదు, లోపల పోగులు పాడైపోతాయి.

పదేళ్ల లోపు చెల్లినో తమ్ముణ్నో తీసుకెళ్తుంటే నడుముకు మాత్రమే కట్టే హార్నెస్ చాలదు. ఆ వయసులో తుంటి ఎముక నిలబడి ఉండదు, తలకిందులైతే పిల్లవాడు పట్టీలోంచి జారిపోవచ్చు. ఒళ్లంతా పట్టే హార్నెస్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. లేదంటే పిల్లవాణ్ని ఇంకో ఏడాది ఆగమనండి.

చున్నీ వద్దు. విరబోసిన జుట్టు వద్దు, రెండూ తాడును ఆపడానికి వాడే బిలే పరికరంలో చుట్టుకుంటాయి. ఉంగరాలు, కడియాలు, మెడలో గొలుసులు అమ్మకు ఇచ్చి రండి. పగులులో వేలు దూర్చినప్పుడు ఉంగరం ఇరుక్కుని కాలు జారితే ఏమవుతుందో నేను వర్ణించను.

బండ కింద రెండు నిమిషాలు

ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదువుతానంటే ఇది చదవండి. ఎక్కేవాళ్లు, కింద తాడు పట్టేవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకరి సరంజామా ఇంకొకరు చేత్తో తాకి చూడాలి. దూరం నుంచి చూసి తలూపడం కాదు. మొదట హార్నెస్ బకిల్: పట్టీ తిరిగి వెనక్కి దూరిందా, నడుము దగ్గర లాగితే తుంటి మీదుగా కిందికి జారుతుందా? తర్వాత ముడి: ఫిగర్ ఎయిట్‌లో తాళ్లు జంటలు జంటలుగా, మెలిక లేకుండా పక్కపక్కనే పడ్డాయా? ముడి బయట జానెడైనా కొస మిగిలిందా? తాడు హార్నెస్‌లో దూరాల్సిన రెండు చోట్లా దూరిందా, ఒక్కచోటే దూరిందా? ఆపైన కింద ఉన్నవాళ్ల కారబైనర్ కొక్కెం: మర తిప్పి బిగించారా? వేలితో నొక్కితే తెరుచుకోకూడదు. చివరగా హెల్మెట్లు, ఇద్దరివీ. కింద నిలబడ్డవాళ్లకు హెల్మెట్ ఎందుకంటారేమో, పైనుంచి రాయి పడేది వాళ్ల నెత్తినే.

ఇదంతా కొత్తవాళ్లకే అనుకోవద్దు. అమెరికాకు చెందిన లిన్ హిల్ ప్రపంచంలోనే పేరుమోసిన క్లైంబర్లలో ఒకరు. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ దగ్గర ఆమె తాడును హార్నెస్‌లోకి దూర్చి, ముడి పూర్తి చేయకుండానే మాటల్లో పడి బూట్లు కట్టుకున్నారు. జాకెట్ కింద ఆ అసంపూర్తి ముడి ఎవరికీ కనబడలేదు. పైదాకా ఎక్కి, దిగడానికి వెనక్కి వాలగానే డెబ్బై అడుగులకు పైగా పడిపోయారు. చెట్టు కొమ్మలు అడ్డుపడటంతో బతికారు. అంత అనుభవజ్ఞురాలికే మాటల మధ్యలో ముడి మరుపుకొచ్చింది. ముడి వేసుకునేవాళ్లతో మాట్లాడకండి. అక్కయినా సరే, వేసుకోవడం అయ్యేదాకా నోరు కట్టేసుకోండి.

తాడు పట్టేది ఎవరు?

అన్న ఎనభై కిలోలు, చెల్లి నలభై ఐదు కిలోలు అనుకోండి. అన్న జారితే చెల్లి గాల్లోకి లేస్తుంది, బండకేసి కొట్టుకుంటుంది, ఆ అదురులో చెయ్యి వదిలేసే ప్రమాదం ఉంది. బరువులో అంత తేడా ఉన్నప్పుడు కింద ఉన్నవాళ్లను వెనక నుంచి నేలకు యాంకర్ చేయమని శిక్షకుణ్ని అడగండి. లేదా అన్న తాడును శిక్షకుడే పట్టాలి. చెల్లి చిన్నబుచ్చుకున్నా పర్వాలేదు.

కింద ఉన్నవాళ్ల బ్రేక్ చెయ్యి, అంటే తాడు జారకుండా ఆపే చెయ్యి, తాడును ఏ క్షణంలోనూ వదలకూడదు. దోమ కుట్టినా, ఫోన్ మోగినా అంతే. అన్నయ్య ఎక్కుతుంటే రీల్ తీయాలన్న కోరిక అందరికీ ఉంటుంది. తీయడానికి మూడో మనిషిని పెట్టుకోండి. కింది కొసకు ముడి వేయడం మరవకండి: తాడు పొట్టిదైతే, దింపేటప్పుడు కొస పరికరంలోంచి జారిపోయి పైవాళ్లు పడిపోవడం ఈ ఆటలో పాత ప్రమాదం. దాన్ని ఆపడానికి ఒక్క ముడి చాలు.

ఇంటి మాటలు ఇంట్లోనే

‘ఒరేయ్, పట్టుకోరా’ అంటే బిగించమనా, ఆగమనా, దింపమనా? గాలి వీస్తున్నప్పుడు నూరడుగుల ఎత్తు నుంచి సగం మాటే వినబడుతుంది. అందుకే క్లైంబర్లు పొట్టి మాటలు పెట్టుకున్నారు: బిలే ఆన్ అంటే కింద సిద్ధం, స్లాక్ అంటే తాడు వదులు, టేక్ అంటే బిగించు, లోయర్ అంటే దింపు. ఎక్కే ముందు నేల మీద ఒకసారి వల్లె వేసుకోండి. పక్కన వేరే బ్యాచ్ ఉంటే మాట ముందు పేరు చేర్చండి. లేకపోతే ఎవరి చెల్లో ‘టేక్’ అంటే ఎవరి అన్నో బిగిస్తాడు.

ఇక వెక్కిరింపులు. పదిహేనేళ్ల తమ్ముడు పది అడుగుల ఎత్తులో ఆగిపోయి, చిన్న అంచు మీద నిలబడ్డ కాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు వణుకుతుంటే కింద నుంచి అక్క అంటుంది: ‘అంతేనా? నేను నిన్ననే ఎక్కేశా!’ బయటివాళ్లు అంటే వాడు పట్టించుకోకపోవచ్చు. అక్క అంది కాబట్టి ఎక్కుతాడు, ఒంట్లో సత్తువ లేకపోయినా ఎక్కుతాడు. అలా ఎక్కనివ్వకండి. మడమ కిందికి దించమనండి, మోకాలు కాస్త వంచి ఊపిరి నిదానంగా వదలమనండి, వణుకు తగ్గుతుంది. దిగిపోతానంటే ఇంకో మాట లేకుండా దింపండి. ఆ మాట ఇంటికెళ్లాక భోజనాల దగ్గర ఎత్తకండి కూడా. నా లెక్కలో ఇది ముడి కంటే తక్కువ జాగ్రత్తేమీ కాదు.

బండ మీద మనం అతిథులం

గ్రానైట్ పొరలు పొరలుగా విడుతుంది. పట్టు మీద బరువు వేసేముందు వేళ్ల కణుపులతో కొట్టి చూడండి. డొల్లగా మోగిన పెచ్చును లాగకండి. రాయి ఊడితే ‘రాయి!’ అని గట్టిగా అరవాలి. కింద ఉన్నవాళ్లు పైకి చూడకుండా బండకు అతుక్కుపోవాలి.

ఎక్కే దారి చుట్టుపక్కల కొండ తేనెటీగల పట్టు ఉందేమో ముందే చూడండి. ఉంటే ఆ వైపు మానేయండి. ఒక్క ఈగ కుడితే ఆ వాసనకు మిగతావీ లేస్తాయి. ఘాటైన సెంట్లు, పొగ, రాళ్లు విసరడం, పట్టు దగ్గర డ్రోన్ ఎగరేయడం, ఏవీ వద్దు. లేచాయంటే చేతులతో కొట్టకండి, ముఖం కప్పుకుని పరుగెత్తి తలుపులున్న గదిలోకో కారులోకో దూరండి. తాడు మీద ఉన్నవాళ్లు పరుగెత్తలేరు, కాబట్టి తాడు పట్టినవాళ్లు వాళ్లను కిందికి దించాకే కదలాలి. అలా నిలబడటం ఎంత కష్టమో తెలుసు కాబట్టే ముందే చూడమంటున్నాను.

సంక్రాంతికి ఇంకో బెడద మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇంకా అమ్ముతున్నారు. ఊరికి దగ్గరి గుట్టల మీద గాలిపటాలు ఎగురుతుంటే ఆ రోజు అక్కడ ఎక్కకండి. మెడకు చుట్టుకున్న దారాన్ని తీసుకునేందుకు ఎత్తులో చెయ్యి ఖాళీ ఉండదు.

హంపీ వెళ్లేవాళ్లకు రెండు మాటలు. అక్కడ ఎక్కువగా తాడు లేకుండా, పరుపు లాంటి క్రాష్ ప్యాడ్ పరుచుకుని గుండ్లు ఎక్కుతారు. దిగే దారి చూసుకున్నాకే ఎక్కండి. కింద కాపు కాసేవాళ్ల పని పడేవాళ్లను పట్టుకోవడం కాదు, తల నేలకు తగలకుండా ప్యాడ్ మీదికి మళ్లించడం. గుళ్లు, మండపాలు, కోటగోడల మీద చెయ్యి కూడా వేయకండి, అవి రక్షిత కట్టడాలు.

తిరుగు ప్రయాణం

పొద్దున మంచు తడి ఆరేదాకా ఆగండి, ఆ వేళ వేళ్లను, భుజాలను వేడెక్కించుకోండి. చలికాలం దాహం వేయదు, అయినా నీళ్లు తాగుతూ ఉండండి. జనవరిలో ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. నాలుగింటికల్లా చివరి మనిషి నేల మీద ఉండాలి. ‘ఇంకొక్కసారి’ అనేది ఎప్పుడూ అలసిపోయిన వేళ్లే.

ఎవరైనా పడితే కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకండి. మెడ, వెన్ను కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతున్నవాళ్లను మాత్రం ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా కిందికి దింపాలి, అలా వేలాడటమే ప్రాణం మీదికి తెస్తుంది. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం వద్దు, విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇంట్లో ఎవరో ఒకరికి మీరు ఏ ఊళ్లో, బండకు ఏ వైపున ఉంటారో, ఎన్నింటికి దిగుతారో చెప్పి బయల్దేరండి. దిగగానే ఫోన్ చేయండి. ఆ ఫోన్ అన్న చేస్తాడని చెల్లి, చెల్లి చేస్తుందని అన్న ఊరుకోకుండా, ఎవరు చేయాలో పొద్దునే తేల్చుకోండి.