చేదు పోగొట్టకుండా చీమె ది రాపా పాస్తా

ఇటలీ మడమ భాగంలో ఉండే పూలియాలో చలికాలం వచ్చిందంటే కూరగాయల సంతల్లో చీమె ది రాపా కట్టలే కనిపిస్తాయి. ముదురాకుపచ్చ ఆకుల మధ్య బుల్లి బుల్లి మొగ్గలుంటాయి. చూడ్డానికి బ్రకోలీలా ఉన్నా, టర్నిప్‌కే దగ్గరి చుట్టం. అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్లు రాపిని, బ్రకోలీ రాబ్ అన్న పేర్లతో వెతకండి. బారి నగరంలో దీన్ని చిన్న దొప్పల్లాంటి ఒరెక్యెట్టె పాస్తాతో వండుతారు.

నలుగురికి కిలో కూర, 400 గ్రాముల ఎండు ఒరెక్యెట్టె తీసుకోండి. మొగ్గలు ముడుచుకుని ఉన్న కట్టే కొనండి. పసుపు పూలు బాగా విచ్చుకున్నాయంటే కూర ముదిరినట్టే. కాడను గోటితో నొక్కండి. గోరు దిగినంత వరకూ ఉంచుకుని, నార తగిలే చోట తుంచేయండి. దాదాపు సగం పోతుంది, బెంగ పెట్టుకోవద్దు. మట్టి పోయేలా రెండు మూడు నీళ్లలో కడగండి.

కాకరకాయను పిండినట్టు చేదు తీసేయాలని మాత్రం చూడకండి. ఈ వంటకు ఆ చేదే ప్రాణం. కూర విడిగా ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే మిగిలేది మామూలు ఆకుకూర పాస్తానే.

4 లీటర్ల నీళ్లు మరిగించి 35 గ్రాముల ఉప్పు వేయండి. ముందు పాస్తా వేయండి. ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి 5 నిమిషాల ముందు కూర కూడా అందులోనే వేయండి. పాస్తాకు రుచి పట్టేది ఆ నీళ్లతోనే.

ఈలోగా వెడల్పాటి మూకుడులో 6 పెద్ద చెంచాల ఆలివ్ నూనె, నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, ఒక ఎండుమిరపకాయ వేసి సన్నని సెగ మీద ఉంచండి. వెల్లుల్లి ఎర్రబడకూడదు. నూనెలో ఊరిన నాలుగు ఆంచోవీ ముక్కలు వేసి గరిటెతో నొక్కితే, నిమిషంలో చేప ఆనవాలు లేకుండా కరిగిపోతాయి. శాకాహారులు మానేసి చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు.

ఉడికిన నీళ్లు ఒక కప్పు పక్కన పెట్టి, పాస్తా, కూర వార్చి మూకుడులో వేయండి. మంట పెంచి, ఆ నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ నిమిషం పాటు గట్టిగా కలపండి. మొగ్గలు చితికి దొప్పల్లో ఇరుక్కోవాలి. పొడిపొడిగా ఉందంటే ఇంకాస్త నీళ్లు పోయండి.

పైన చీజు అక్కర్లేదు. ఎండిన బ్రెడ్ పొడిని చెంచా నూనెలో దోరగా వేయించి చల్లండి, పంటికింద కరకరలాడుతుంది.

హైదరాబాద్‌లో ఈ కూర దొరక్కపోతే, చలికాలంలో వచ్చే లేత ఆవ ఆకు వాడొచ్చు. దానికి చేదుకన్నా ఘాటెక్కువ, మిరపకాయ తగ్గించండి. మిగిలిపోతే మర్నాడు మైక్రోవేవ్ జోలికి పోకుండా పెనం మీద అంచులు మాడీ మాడకుండా వేయించుకోండి.