మూస దృష్టి

లోకాన్ని గ్రహించడానికి మానవుని మనస్సు వర్గీకరణను ఆశ్రయిస్తుంది. కంటబడిన ప్రతి చెట్టునూ, ప్రతి పక్షినీ విడివిడిగా పరిశీలించి తెలుసుకోవాలంటే ఒక జీవితకాలం చాలదు. కనుకనే పోలిక గలవాటిని ఒకచోట చేర్చి, వాటికొక పేరు పెట్టి వ్యవహరించడం మనిషి అలవరచుకున్నాడు. వైద్యుడు రోగాన్ని, రైతు నేల స్వభావాన్ని గుర్తించగలిగేది ఈ శక్తివల్లనే. అయితే ఇదే శక్తి సాటి మనుషులపైకి మళ్ళినప్పుడు మేలుతోపాటు కీడు కూడా సంభవిస్తుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. ఒకే కుండలో, ఒకే మంటమీద ఉడికిన మెతుకుల విషయంలో అది నిజం. కాని ఒక ఊరివారో, ఒక కులంవారో, ఒక మతంవారో ఒకే కుండలోని మెతుకులు కారు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల స్వభావాలే భిన్నంగా ఉంటాయి. అయినా ఒకరి నడవడిని చూసి 'వాళ్ళంతా అంతే' అని తేల్చివేయడం లోకంలో పరిపాటి. ఇదే మూస దృష్టి. ముద్రణాలయంలో ఒకే అచ్చుపలకతో అనేక ప్రతులు తీసే పద్ధతికి గల పేరును అమెరికన్ రచయిత వాల్టర్ లిప్‌మన్ 1922లో ఈ మనోధోరణికి అన్వయించాడు.

మనవారు, పరాయివారు అనే విభజనకు బలమైన కారణం కూడా అక్కరలేదు. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పాఠశాల బాలురపై జరిపిన ప్రయోగాల ఫలితాలను 1970లో ప్రకటించాడు. తెరపై కనబడిన చుక్కల సంఖ్యను ఊహించిన తీరునుబట్టి వారిని రెండు జట్లుగా విభజించినట్లు చెప్పారు. నిజానికి ఆ విభజనకు ఏ ఆధారమూ లేదు. అయినప్పటికీ సొమ్ము పంచమన్నప్పుడు బాలురు తమ జట్టువారికే ఎక్కువ దక్కేలా చూశారు. అర్థంలేని విభజనే ఇంత పని చేస్తే, తరతరాలుగా పాతుకుపోయిన విభజనల బలం ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ బలానికి చట్టం తోడైన ఘట్టం మన చరిత్రలోనే ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. ఎరుకలవారిలో పలువురు తీరప్రాంతపు ఉప్పును పశువులపై లోపలి గ్రామాలకు చేరవేసి, ధాన్యానికి మారకం వేసి జీవించేవారు. బుట్టలు, చాపలు అల్లేవారు. రైళ్ళ రాకతోను, ఉప్పుపై ప్రభుత్వ పెత్తనంతోను ఆ వర్తకం దెబ్బతిన్నది. జీవనోపాధి కోల్పోయి తిరుగాడే ప్రజలు అధికారుల కంటికి అనుమానాస్పదులుగా తోచారు. కొందరు చేసిన నేరం జాతికంతటికీ చుట్టుకున్నది. అనేకులు పోలీసులవద్ద పేరు నమోదు చేయించుకొని, హాజరు చెప్పుకోవలసి వచ్చింది. స్టువర్టుపురం అటువంటి నిర్బంధ స్థావరంగా వెలసినదే. తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షత వహించిన సంఘం ఆ చట్టాన్ని తొలగించవలెనని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. నాటినుండి వారు విముక్త జాతులైనారు.

చట్టం పోయినంత సులువుగా ముద్ర పోలేదు. ముద్ర పడినవానికి పని ఇవ్వడానికి జనం జంకుతారు. పని దొరకనివాడు తప్పుదారి పడితే, 'మేము ముందే అనుకున్నాం' అంటారు. ఈ విధంగా అపోహ తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే సృష్టించుకుంటుంది. పైగా తాము నమ్మినదానికి అనుకూలమైన సంఘటనే మనుషులకు గుర్తుంటుంది. ఒక దొంగతనం ఊరంతా పాకుతుంది. నూరుమంది రాత్రింబవళ్ళు అల్లిన బుట్టలు ఎవరి చర్చకూ రావు.

వర్గీకరణను మనస్సు పూర్తిగా మానుకోలేదు. తొందరపాటును మాత్రం మానుకోగలదు. ఒక మనిషి పేరో, యాసో, ఊరో వినగానే కలిగిన అభిప్రాయాన్ని తుదితీర్పుగా కాక, పరీక్షించవలసిన ఊహగా భావించాలి. కలిసి చదవడం, కలిసి పనిచేయడం అందుకు మంచి మార్గాలు. వేర్వేరు ఊళ్ళ, వేర్వేరు నేపథ్యాల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే కళాశాలలో ఆ అవకాశం పుష్కలంగా ఉన్నది. పక్కన కూర్చున్నవానిని ఒక వర్గానికి ప్రతినిధిగా కాక ఒక వ్యక్తిగా ఎరిగిననాడే విద్యకు సార్థకత చేకూరుతుంది.