బర్డ్స్‌విల్ నుంచి మౌంట్ ఐసాకు ఎంతసేపు?

ప్రశ్న: మేం బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్‌లో ఉంటాం. సెప్టెంబర్‌లో బర్డ్స్‌విల్ గుర్రప్పందేలు చూసి, అటునుంచే విమానంలో మౌంట్ ఐసాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. దూరం 580 కిలోమీటర్లే అంటున్నారు. గంటలో చేరతామా?

జవాబు: దూరం నిజమేనమ్మా, గంట లెక్కే కుదరదు. ఆ 580 తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. ఆ దారిలో తిరిగే రెక్స్ సంస్థ సాబ్ 340 విమానంలో 34 సీట్లుంటాయి, వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఆగకుండా వెళ్తే గంటా పావు పట్టేది. కానీ అది మన పల్లెవెలుగు బస్సులాంటిది. బ్రిస్బేన్‌లో బయలుదేరి టూవూంబా, చార్లెవిల్, క్విల్పీ, విండోరా, బర్డ్స్‌విల్, బెడూరీ, బౌలియా ఊళ్లలో దిగుతూ ఐసా చేరుతుంది. మీ వాటాకు వచ్చే మూడు అంచెలు దాదాపు 170, 165, 250 కిలోమీటర్లు. కలిపితే సుమారు 585, అంటే దూరం పెద్దగా పెరగదు, కాలమే పెరుగుతుంది. పైకెక్కడం, దిగడం, రన్‌వే మీద నడక, సామాను దించడం మూడేసిసార్లు! రెండు గంటలు దాటుతుందనుకోండి.

ఈ సర్వీసు రోజూ ఉండదు, అసలు చిక్కు అక్కడే. ముందు విమానం ఏ రోజుల్లో ఉందో చూసుకుని, ఆ తర్వాతే బస బుక్ చేసుకోండి. టికెట్ మీది వేళల్లో తేడా రాదు, రెండు ఊళ్లదీ క్వీన్స్‌లాండ్ సమయమే. కారులో అయితే దాదాపు 700 కిలోమీటర్లు, దారిలో పెట్రోలు బంకులు బహు తక్కువ. తమ్ముణ్ని చూడటమే ముఖ్యమైతే, బ్రిస్బేన్ నుంచి ఐసాకు నేరు విమానం రెండున్నర గంటలే.