బస్సు బ్రేకు, బాయిలరు ఊక

విద్యార్థులారా! సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ వెళ్ళి, అక్కడినుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరుకుందాం. దారిలో ఒక పాఠం చదువుకుందాం. ఇంజనీరింగు కాలేజీలో చేరినవారికి మొదట్లోనే ఎదురయ్యే ఈ పాఠం పేరు ఉష్ణగతిక శాస్త్రం. పేరు పెద్దదే గాని, అది అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఇంధనం ఇచ్చిన శక్తి ఎక్కడికి పోయింది? అందులో ఎంత భాగాన్ని పనిగా మార్చుకోగలం?

ముందుగా ఒక అలవాటు చేసుకోండి. దేన్ని గురించి లెక్క వేస్తున్నామో దాని చుట్టూ మనసులో ఒక గీత గీయాలి. గీత లోపలిది ‘వ్యవస్థ’, బయటిది ‘పరిసరాలు’. గీత దాటి లోపలికి వచ్చిన శక్తి ఎంత, బయటికి పోయినది ఎంత అని చూడాలి. ఈ గీత గీయకుండా సూత్రంలో అంకెలు వేసేవారే ఎక్కువగా పొరబడతారు.

ఇక బస్సును చూద్దాం. 12,000 కిలోల బస్సు గంటకు 54 కిలోమీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో కోదాడ చేరిందనుకోండి. దాని గతిజశక్తి ½ × 12,000 × 15 × 15 = 13,50,000 జౌళ్ళు. అంటే 1,350 కిలోజౌళ్ళు. డ్రైవరు బ్రేకు వేశాడు, బస్సు ఆగింది. ఆ శక్తి ఏమైంది? చాలావరకు బ్రేకు డ్రమ్ములలో వేడిగా మారింది. మొత్తం లెక్కిస్తే అది దాదాపు నాలుగున్నర లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేగల వేడి! శక్తి నశించలేదు, రూపం మార్చుకున్నదంతే. ఇదే మొదటి నియమం.

మరి ఆ వేడే తిరిగి చక్రాలను తిప్పి బస్సును నడపవచ్చు కదా? శక్తి లెక్క సరిపోతుంది, మొదటి నియమం అడ్డు చెప్పదు. అయినా అలా ఎన్నడూ జరగదు. డ్రమ్ములు చల్లారిపోతాయి, బస్సు ఉన్నచోటనే ఉంటుంది. పని అంతా వేడిగా మారిపోవచ్చు. కాని ఏ ఇంజనూ తాను తీసుకున్న వేడినంతటినీ పనిగా మార్చలేదు. ఇది రెండవ నియమం.

మిర్యాలగూడ వచ్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడి మిల్లులకు చేరతాయి. ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడతారు. ఆ ఆవిరికి ఇంధనం వడ్ల ఊకే. కిలో ఊక కాలితే సుమారు 13,000 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. 30 డిగ్రీల నీరు ఒక కిలో ఆవిరి కావడానికి దాదాపు 2,550 కిలోజౌళ్ళు కావాలి. అంతా నీటికే అందితే అయిదు కిలోల ఆవిరి రావాలి. పొగగొట్టం గుండా పోయేది పోగా 65 శాతం అందిందనుకుంటే, మూడు కిలోలకు పైగా వస్తుంది.

ఇక్కడికి దగ్గరలోనే, దామరచర్ల మండలం వీర్లపాలెంలో, ఒక్కొక్కటి 800 మెగావాట్ల అయిదు యూనిట్లతో తలపెట్టిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడా బాయిలరే, ఆవిరే. కాని బొగ్గుతో నడిచే మంచి కేంద్రాలు కూడా ఇంధన శక్తిలో సుమారు 40 శాతాన్నే విద్యుత్తుగా మార్చగలవు. ఎందుకు? మిల్లుకు కావలసింది వేడే. విద్యుత్ కేంద్రానికి కావలసింది టర్బైను తిప్పే పని!

దీని హద్దును 1824లో ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో తన 28వ ఏట చూపాడు. నేటి పద్ధతిలో లెక్క ఇది: సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్లు వస్తాయి. 567 డిగ్రీల వేడి ఆవిరి 840 కెల్విన్లు, 42 డిగ్రీల చల్లని వైపు 315 కెల్విన్లు అనుకుందాం. 315ను 840తో భాగిస్తే 0.375. అంటే ఎంత నేర్పుగా కట్టినా 37.5 శాతం వేడిని బయటికి వదలక తప్పదు. నిజమైన యంత్రంలో రాపిడి వంటివి కూడా చేరి ఇంకా ఎక్కువే పోతుంది. విద్యుత్ కేంద్రాలలో కనిపించే పెద్ద పెద్ద శీతలీకరణ గోపురాలు ఈ వేడిని వదలడానికే.

ఇప్పుడు మీకొక ప్రశ్న. ఎండాకాలంలో ఒకాయన గది తలుపులన్నీ మూసి, రిఫ్రిజిరేటరు తలుపు తెరిచి పెట్టి కూర్చున్నాడు. కొన్ని గంటల తరువాత గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? గది చుట్టూ గీత గీసి చూడండి. కరెంటు తీగ ఆ గీతను దాటి లోపలికి వస్తున్నదని మరచిపోకండి!