ఆపరేషన్ విశాఖలో, నడక మన ఊళ్లో

విశాఖలో బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ చేయించుకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లకు వచ్చినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

కుట్లు మానకముందే నడవొచ్చా?

నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆపరేషన్ రోజో, మర్నాడో ఆస్పత్రిలోనే లేపి నడిపిస్తారు. ఇంటికొచ్చాక మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు నడిస్తే చాలు. వారం వారం పెంచుకుంటూ పోతే నెలా నెలన్నరకి ఒకే విడతలో అరగంట నడవగలుగుతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. సర్జన్ సరేననే దాకా, అంటే మామూలుగా ఆరు వారాలు, నీళ్ల బిందె, బియ్యం బస్తా, గ్యాస్ బండ ముట్టుకోవద్దు. మనవణ్ణి కూర్చుని ఒళ్లోకి తీసుకోండి, ఎత్తుకోవద్దు.

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో తెల్లవారకముందే నడిచే ఒక పెద్దాయన్ని చూస్తుంటాను. ఆయన అరలీటరు సీసా మీద పెన్నుతో పది గీతలు గీసి ఉంటాయి. రౌండుకో గీత చొప్పున చప్పరిస్తూ తాగుతారు. కడుపును చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ తర్వాత అది అరటిపండంత గొట్టమే కాబట్టి గటగటా తాగితే పట్టదు. మన తీరపు ఉక్కలో చెమట ధారలు కడుతుంది. అందుకే ఎండెక్కాక నడక వద్దు.

నడుస్తున్నా నీరసం తగ్గట్లేదు, ఎందుకు?

కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతోంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. చోడి అంబలి ఒక్కటే చాలదు. గుడ్డు, చేప, పప్పు, పెరుగు ముందు తిని, జాగా మిగిలితే అన్నం తినండి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఆరు వారాలు దాటి, సర్జన్ ఒప్పుకున్నాక వారానికి రెండుసార్లు చిన్న బరువులు ఎత్తండి. ఆడవాళ్లు బరువులెత్తడమేమిటని మన జిల్లాలో ఎవరూ అనకూడదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట.

మాది ఉద్దానం. ప్రొటీన్ పొడి వాడొచ్చా?

ముందు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఎంత వాడాలో డాక్టరునే అడగండి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపిందో తెలిసిందే. జిమ్‌లో ఇచ్చే డబ్బాను నమ్ముకోవద్దు. మోకాలు నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మాత్ర గానీ ఇంజెక్షన్ గానీ వద్దని ఊళ్లో వైద్యుడికి ముందే చెప్పండి. అవి కిడ్నీకే కాదు, కొత్త కుట్ల దగ్గర పుండు పడటానికీ కారణమవుతాయి.

షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులోనే వేసుకోవాలా?

బరువు తగ్గేకొద్దీ డాక్టరు మోతాదు మార్చాలి. పాత మోతాదుతో నడిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాగని మీ అంతట మీరు మానెయ్యొద్దు.

ఆస్పత్రి కాగితాలు ఇవ్వకపోతే?

అవి మీ హక్కు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అర్జీ రాసిచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఏ రకం ఆపరేషన్ జరిగిందో, ఎప్పటినుంచి ఎంత వ్యాయామం చేయాలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట బస్సెక్కేసరికి సగం మరిచిపోతాం.

బీమా కంపెనీ ‘ఇది అందం కోసం’ అంటే?

బీఎంఐ 40 ఉన్నా, లేదా 35 ఉండి అదుపులేని టైప్-2 షుగరు, నిద్రలో శ్వాస ఆగే తీవ్రమైన జబ్బు, గుండె జబ్బు లాంటివి ఉండి, ఇతర మార్గాల్లో బరువు తగ్గకపోయినా, డాక్టరు సలహాతో చేసిన ఆపరేషన్‌ను ఊబకాయం పేరుతో తోసిపుచ్చే వీలు లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ఇదే. రోగికి 18 ఏళ్లు నిండాలి, పాలసీలోని వెయిటింగ్ పీరియడ్ గడవాలి. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు.

చికిత్సలో లోపం జరిగితే కేసు విశాఖలోనే వెయ్యాలా?

అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు వెయ్యొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షలు దాటకపోతే ఫీజు ఉండదు.

నడక ఎప్పుడు ఆపెయ్యాలి?

ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు వచ్చినా, కూర్చున్నా నాడి 120కి దిగకపోయినా ఆపెయ్యండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని ఎక్కండి.