దేవదాసు: నవలయు, చిత్రమును

దేవదాసు అనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి అక్కినేని నాగేశ్వరరావు ముఖము, ఘంటసాల కంఠము స్ఫురించును. వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున 1953లో వెలువడిన ఆ చిత్రము నేటికిని చూడదగినదే. అయితే 1917లో ప్రచురితమైన శరత్‌చంద్రుని నవలను కూడ చదివినగాని రసాస్వాదనము పూర్తి కాదని మా అభిప్రాయము. శరత్‌బాబు తెలుగువాడేనేమో యని భ్రమింపజేసిన చక్రపాణి అనువాదములు మనకు ఉండనే ఉన్నవి.

నవలలో మద్యముకంటె ముందు ఒక ఉత్తరము కలదు. లోకనిందకు వెరవక అర్ధరాత్రి తన గదికి వచ్చిన పార్వతికి దేవదాసు మాట ఇయ్యలేకపోయెను. కలకత్తా చేరి, ఆమెపై తనకు అంతటి ప్రేమ ఎన్నడును లేదని వ్రాసెను. ఉత్తరము పంపిన పిదప పశ్చాత్తాపము! ధైర్యము ఆమెది, సంకోచము అతనిది. ఈ బలహీనతను రచయిత దాచలేదు.

తెరపై సావిత్రి కన్నులు పార్వతి మౌనమును పలికించినవి. సుబ్బరామన్ సంగీతము దుఃఖమును సైతము మధురము గావించినది. చిక్కంతయు ఆ మాధుర్యములోనే ఉన్నది. త్రాగుటయే గాఢప్రేమకు గుర్తని తలచు యువకులను మేము చూచుచునే ఉన్నాము. నవలలోని మరణమునకు పాట లేదు. రావిచెట్టు క్రింద చివరి రాత్రి, ముట్టువారు లేని శవము, సగము కాలిన చితి. పార్వతికి వార్త అందునప్పటికే శవమును తీసికొనిపోయిరి.