థ్రాటిల్ దగ్గర సన్నతీగ

మా రూమ్మేట్‌కి యుద్ధవిమానాల గేమ్ పిచ్చి. మొన్న రాత్రి "ఒరేయ్, ఫుల్ పవర్ ఐదు నిమిషాలే అంటాడేంట్రా? ఆరో నిమిషంలో ఇంజన్ పేలిపోతుందా?" అన్నాడు. మెకానికల్ మూడో ఏడాది చదువుతూ కూడా జవాబు చెప్పలేకపోయాను. పరువు పోయింది కదా అని కూర్చుని చదివాను.

1940 నాటి బ్రిటన్ సంగతి చూడండి. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల్లో ఉన్నది మెర్లిన్ ఇంజన్. సూపర్‌చార్జర్ గాలిని నొక్కిపెట్టి సిలిండర్లలోకి పంపుతుంది. 87 ఆక్టేన్ పెట్రోలుతో బూస్ట్ చదరపు అంగుళానికి ఆరుంపావు పౌండ్లు దాటనిచ్చేవారు కాదు. దాటితే నాకింగ్ మొదలై పిస్టన్లే దెబ్బతింటాయి. 100 ఆక్టేన్ వచ్చాక అత్యవసరంలో 12 పౌండ్ల దాకా ఒప్పుకున్నారు. బూస్ట్ అంటే వాతావరణ పీడనానికి పైన ఉన్నది. ఆ 14.7 కూడా కలిపితే అసలు పీడనం సుమారు 21 నుంచి 26.7కి పెరిగింది, అంటే 27 శాతం. పవర్ 1,030 నుంచి 1,310 హార్స్‌పవర్‌కి చేరింది, అదీ 27 శాతమే! (రెండూ ఒకే ఎత్తులో లెక్కలు కావు. అయినా లెక్క అలా కుదిరితే భలే సరదాగా ఉంటుంది.)

మరి ఐదు నిమిషాల హద్దెందుకు? మంచి పెట్రోలు నాకింగ్‌ని ఆపుతుంది గానీ వేడినీ, బేరింగుల మీద పడే లోడునీ ఆపదు. ఆయిల్ వేడెక్కి పల్చబడితే బేరింగులో ఆయిల్ పొర సన్నబడి, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆరో నిమిషంలో ఏమీ కాకపోవచ్చు. వారం తర్వాత అదే విమానంలో ఇంకో పైలట్ సముద్రం మీద ఉన్నప్పుడు కావచ్చు. అసలు భయం అదీ.

అందుకే వాడిన ప్రతిసారీ కిందికొచ్చి చెప్పాలి, ఇంజన్ లాగ్‌బుక్‌లో రాయాలి. కొందరు పైలట్లు అవసరం లేకపోయినా వాడేస్తున్నారని ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్ 1940 ఆగస్టులో హెచ్చరిక పంపాల్సొచ్చింది. వెనక శత్రువు ఉంటే వాచీ చూసుకోమని మాత్రం ఎవరంటారు?

అమెరికన్ మస్టాంగ్‌లో పద్ధతి నాకింకా నచ్చింది. మామూలు హద్దు దగ్గర థ్రాటిల్‌కి అడ్డంగా సన్నతీగ ఉంటుంది. ప్రాణం మీదికొస్తే దాన్ని తెంపుకుని ముందుకి తోయొచ్చు, ఎవరూ ఆపరు. కానీ దిగాక తెగిన తీగ చూడగానే మెకానిక్‌కి విషయం తెలిసిపోతుంది, ఇంజన్ తనిఖీ మొదలవుతుంది.

ఇదంతా చెప్తే మావాడు తాపీగా విని, "మా గేమ్‌లో మెకానిక్ లేడ్రా, ప్రతిసారీ కొత్త ఇంజనే" అన్నాడు.